పరుగు యాప్ దేన్ని చూసి హెచ్చరించాలి: వారం లెక్కా, నిష్పత్తా, ఒక్క రోజు దూరమా?

పరుగెత్తేవారిని మూలన కూర్చోబెట్టే గాయాలలో ఎక్కువ భాగం జారిపడడం వల్ల వచ్చేవి కావు. ఎముకలు, కండరాలు, స్నాయువులు కోలుకునే వేగాన్ని మించి వాటిపై భారం పడుతూ ఉండడం వల్ల వచ్చేవి. కాబట్టి గాయాలను నివారించే యాప్‌ను రూపొందించేవారు ముందుగా తేల్చుకోవలసింది తెర రంగులో, పతకాలో కాదు, ‘ఎక్కువైంది’ అన్న మాటను ఏ కొలతతో అనాలన్నదే.

అన్నింటికన్నా పాతది, సులువైనది పది శాతం నియమం: ఈ వారం పరిగెత్తిన మొత్తం దూరం మీద వచ్చే వారం పది శాతానికి మించి పెంచకూడదు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో, నాలుగు మైళ్ల పరుగుకు సిద్ధమవుతున్న కొత్తవారిపై దీన్ని పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. ఈ నియమం ప్రకారం 13 వారాలు మెల్లగా పెంచుకుంటూ వెళ్లినవారిలో 20.8 శాతం మందికి, 8 వారాల మామూలు ప్రణాళికను అనుసరించినవారిలో 20.3 శాతం మందికి గాయాలయ్యాయి. నియమం చెడ్డదని దీని అర్థం కాదు గానీ, దాన్నొక్కదాన్నే నమ్ముకున్న యాప్ వాడుకరికి రక్షణ కల్పిస్తున్నానని చెప్పుకోలేదు.

రెండవది భారాల నిష్పత్తి. గత 7 రోజుల దూరాన్ని గత 28 రోజుల వారపు సగటుతో భాగించగా వచ్చే సంఖ్య 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే మేలని, 1.5 దాటితే ప్రమాదమని టిమ్ గాబెట్ వంటి పరిశోధకులు క్రికెట్, రగ్బీ వంటి జట్టు ఆటల అనుభవంతో ప్రచారంలోకి తెచ్చారు. పచ్చ, ఎరుపు రంగులలో ఇట్టే చూపించవచ్చు కనుక యాప్‌లు తయారు చేసేవారికి ఇది బాగా నచ్చుతుంది. అయితే ఇందులో ఒక గణిత లోపం ఉంది. జ్వరంతో మూడు వారాలు మానేసి నాలుగో వారం మళ్లీ మొదలుపెట్టిన వ్యక్తి 2 కిలోమీటర్లు పరిగెత్తినా, 20 కిలోమీటర్లు పరిగెత్తినా నిష్పత్తి సరిగ్గా 4 వస్తుంది, ఎందుకంటే భాజకంలో ఉన్నది కూడా ఆ ఒక్క వారపు దూరమే. జాగ్రత్త పడినవారినీ, తెగించినవారినీ ఒకే గాటన కట్టే కొలతను హెచ్చరికకు ఆధారంగా పెట్టుకోవడం నాకు సమంజసంగా తోచదు.

ఇక మూడవ దారి, ఆ రోజు పరిగెత్తబోయే దూరాన్ని గత 30 రోజుల్లోని అతి పొడవైన పరుగుతో పోల్చడం. డెన్మార్క్ పరిశోధకుల నాయకత్వంలో పరుగు దూరాన్ని కొలిచే గార్మిన్ వాచీలు వాడే 5,205 మందిని 18 నెలలపాటు గమనించిన అధ్యయనం 2025లో వెలువడింది. గత నెలలోని గరిష్ఠ దూరాన్ని ఒక్క పరుగులో 10 నుంచి 30 శాతం దాటినప్పుడు గాయపడే రేటు 64 శాతం, రెట్టింపుకు మించి దాటినప్పుడు 128 శాతం ఎక్కువగా కనిపించింది. వారాల మధ్య పెరుగుదలకు మాత్రం గాయాలతో సంబంధం కనబడలేదు. నిష్పత్తి విషయంలోనైతే ఫలితం ఎదురు తిరిగింది, అంటే సంఖ్య పెరిగినప్పుడు గాయాలు తగ్గినట్టు కనిపించింది.

ఈ తేడా ఎక్కడ నుంచి వస్తుందో ఒక లెక్కలో చూడవచ్చు. నెల రోజులుగా వారానికి నాలుగు రోజులు, రోజుకు 5 కిలోమీటర్ల చొప్పున పరిగెత్తుతున్న ఒకామె, ఈ వారం ఆదివారం స్నేహితులతో కలిసి 11 కిలోమీటర్లు, మిగతా మూడు రోజుల్లో కలిపి మరో 11 పరిగెత్తిందనుకుందాం. వారపు మొత్తం 20 నుంచి 22కు పెరిగింది, సరిగ్గా పది శాతం. నిష్పత్తి 1.07, నిక్షేపంగా పచ్చరంగులో ఉంది. ఆదివారపు పరుగు మాత్రం అంతకు ముందు నెలలోని అతి పొడవైన పరుగుకు రెండింతలు దాటింది, దాన్ని మూడవ కొలత ఒక్కటే పట్టుకుంటుంది. పైగా మొదటి రెండూ వారం గడిచాక తీర్పు చెబుతాయి. మూడవది బూట్లు వేసుకునేటప్పుడే, 5 కిలోమీటర్ల మీద పది శాతం లెక్కగట్టి, ‘ఈ రోజు 5.5 కిలోమీటర్లు దాటకుండా ఉంటే మంచిది’ అని చెప్పగలదు. యాప్‌కు ఇంతకన్నా ఉపయోగకరమైన వాక్యం ఉండదు.

అలాగని దూరం ఒక్కటే చాలదు. ఆ అధ్యయనం పరిశీలనతో చేసినదే తప్ప కారణాన్ని రుజువు చేసినది కాదు. అందులో పాల్గొన్నవారు ఎక్కువగా వాచీ కొనుక్కున్న నడివయసు మగవారు. పైగా దూరానికి ఎండ తెలియదు, ఫ్లైఓవర్ దిగేటప్పుడు మోకాళ్లపై పడే దెబ్బ తెలియదు. హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది కనుక దానికి సాధన మే, జూన్ నెలల వేడిలో సాగక తప్పదు, అప్పుడు అదే 10 కిలోమీటర్లు శరీరానికి వేరే భారం. మణికట్టు దగ్గర కొలిచే గుండె వేగంతో ఈ లోటు తీర్చవచ్చంటారు గానీ, చెయ్యి ఊగుతున్నప్పుడు ఆ కొలత తప్పే సందర్భాలు ఎక్కువ.

మనిషిని అడగడమే నయం. పరుగు ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది వరకు చెప్పించి, దాన్ని నిమిషాలతో గుణించే పద్ధతిని వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ ఎప్పుడో చూపించారు. 40 నిమిషాల పరుగుకు 7 అంటే భారం 280. పరుగు ముగిశాక ఈ ప్రశ్న ఒకటి, మర్నాడు ఉదయం నొప్పి గురించి మరొకటి, అంతకు మించి అడిగితే జవాబులు ఆగిపోతాయి. పోటీ దగ్గరపడ్డాక కొందరు నొప్పిని దాస్తారు కాబట్టి దూరపు హద్దు ఆ జవాబులతో నిమిత్తం లేకుండా పనిచేయాలి.

అందువల్ల కొత్తవారి కోసం చేసే యాప్‌లో ఒక్క పరుగు హద్దును, ఈ రెండు ప్రశ్నలను ఉంచి, నిష్పత్తిని తెర మీద నుంచి తీసేయడం మేలు. నెల దాటి మానేసినవారికి పోల్చడానికి పాత పరుగే ఉండదు. వారికి యాప్ ఖాళీ సంఖ్యను చూపకుండా నడక, పరుగు కలిపిన కొద్ది నిమిషాలతో మళ్లీ మొదలుపెట్టించాలి. ఎముక మీద ఒకే చోట వేలు పెడితే నొప్పి, రాత్రి కూడా తగ్గని నొప్పి అని ఎవరైనా నమోదు చేస్తే, అది ఎముకలో సన్నని పగులు కావచ్చు కనుక, తర్వాతి రోజుల ప్రణాళికను నిలిపివేసి వైద్యుణ్ణి కలవమని చెప్పాలి. ఆ తెర మీద ‘అయినా కొనసాగించు’ అన్న బటన్ ఉండకూడదు.