పదకొండేళ్ల వాడకం తర్వాత: ఉప్పు కర్ర ఉన్న పాత షాట్‌గన్

హ్యూస్టన్‌లో ఒక పాత తుపాకుల షాపులో దీన్ని కొన్నాను. 1968 నాటిది, బెల్జియంలో చేసింది, 12 గేజ్ (గొట్టం లోపలి వెడల్పు కొలత), గొట్టాలు ఒకదానిపై ఒకటి ఉండే రకం. వాల్‌నట్ (అక్రోట్) కర్రతో చేసిన మడమ, అంటే భుజానికి ఆనించే వెనక భాగం మీద ముదురు చారలు చూసి మనసు పారేసుకున్నాను. ఆదివారాలు క్లే షూటింగ్‌కి (గాల్లోకి విసిరే మట్టి బిళ్లల్ని కొట్టే ఆటకి) ఇదే తీసుకెళ్తాను. భుజానికి ఎత్తగానే చూపు తిన్నగా గురి మీదికి వెళ్తుంది. తుపాకీగా దీనికి వంక పెట్టలేను.

వంకంతా కర్రలోనే. మొదటి వేసవిలో కర్ర, ఇనుము కలిసే చోట వెంట్రుకంత ఎర్రటి గీత కనిపించింది. చేతి చెమట అనుకుని నూనె రాసి తుడిచాను. రెండు వారాలకు మళ్ళీ అదే గీత. మడమ చివరి ప్లేటు విప్పబోతే స్క్రూ సగంలో బిగుసుకుపోయింది. ఎలాగో బయటికి లాగితే మరచుట్లు కనిపించనంత తుప్పు.

1960ల రెండో సగంలో కొంత వాల్‌నట్‌ను త్వరగా ఆరబెట్టాలని ఉప్పులో పెట్టారు. నీరు పోయింది, ఉప్పు ఉండిపోయింది. వానాకాలంలో డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లినట్టు ఆ కర్ర గాలిలో తేమను లాక్కుంటూనే ఉంటుంది. దాన్ని ఆనుకున్న ఇనుము కనపడకుండా లోపలే గుంటలు పడుతుంది.

ప్లేటు కింద పాలిష్ లేని కర్ర మీద ఉప్పు తగిలితే తెల్లబడే సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక చుక్క వేశాను. పాల విరుగులా తెల్లబడింది. ఇక అనుమానం లేదు. (గ్లవ్స్ తప్పనిసరి, వేలికి అంటితే నల్లమచ్చ రోజుల తరబడి పోదు.)

కర్ర అందంగా ఉంది కదా అని వదులుకోలేక లోపలంతా వార్నిష్ పట్టించాను. అది పొరపాటు. తుప్పు ఆలస్యమైందే కానీ ఆగలేదు, ఆ రెండేళ్లలో గుంటలు ఇంకా లోతయ్యాయి. చివరికి మడమతో పాటు గొట్టాల కింది ముందు కర్రనూ మార్పించాను. మడమ ఒక్కటే మార్చి ఊరుకోకండి, ముందు కర్రలోనూ ఉప్పు ఉండొచ్చు.

ఆ కాలపు తుపాకీ కొనేముందు అది ఖాళీగా ఉందో లేదో చూసుకుని, ప్లేటు విప్పి చూపించమని అడగండి. ఒప్పుకోకపోతే బేరం వదిలేయండి. ఉప్పు కర్ర అని తేలితే కొత్త కర్ర ఖర్చు ధరలో తగ్గించమనండి.

కొత్త కర్రకు ఆ చారలు లేవు, మొదట్లో బాధేసింది. నిన్న ప్లేటు విప్పి చూశాను. ఏడేళ్ల కిందట వేసిన స్క్రూలు వేళ్లతోనే తిరిగాయి, చుక్క తుప్పు లేదు.