బాస్‌లో 250కె ఆడియో టేపర్ పాట్‌లు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

బాస్ గిటార్ సౌండ్ బాగోలేదంటే అందరి చూపూ ముందు పికప్‌ల (తీగల కదలికను కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాల) మీద పడుతుంది. వేలు పోసి పికప్‌లు కొనేముందు నాబ్‌ల కింద ఏ పాట్‌లు (తిప్పితే నిరోధం మారే పొటెన్షియోమీటర్లు) ఉన్నాయో ఒకసారి విప్పి చూడమని నేను గట్టిగా చెప్తాను. హనుమకొండలో ఆదివారం ఆరాధనకూ, కాజీపేట, వరంగల్ ఫంక్షన్ హాళ్లలో ఆర్కెస్ట్రాకూ నేను వాయించేది ఫెండర్ కంపెనీ జాజ్ బాస్ తరహా, రెండు పికప్‌ల బాస్. అందులో సీటీఎస్ వాళ్ల 250కె (అంటే 250 కిలో ఓమ్‌ల) ఆడియో టేపర్ పాట్‌లు మూడు వేసుకుని చాలా ఏళ్లయింది. పికప్‌లు మాత్రం దానితో వచ్చినవే, ఇప్పటికీ మార్చలేదు.

పాట్‌కు మూడు కాళ్లుంటాయి. లోపల గుర్రపు నాడా ఆకారంలో కార్బన్ పట్టీ. దాని రెండు కొసలు రెండు చివరి కాళ్లకు కలిసి ఉంటాయి. నాబ్ తిప్పితే ఆ పట్టీ మీద జారే లోహపు నాలుక మధ్య కాలుకు కలిసి ఉంటుంది. వాల్యూమ్ పాట్‌లో ఒక చివరి కాలు గ్రౌండ్‌కు వెళ్తుంది కాబట్టి, పికప్ నుంచి వచ్చే సిగ్నల్‌లో ఎంత భాగం జాక్‌కు చేరాలో ఆ నాలుక ఉన్న చోటే తేలుస్తుంది.

మొదట ఉన్నవి చిన్న సైజు పాట్‌లు. వాటి మీద బి250కె అని ఉండేది. ఈ బి అంటే లీనియర్: సగం తిప్పితే సరిగ్గా సగం నిరోధం. వినడానికి బాగుంది కానీ చెవి అలా లెక్కపెట్టదు. వోల్టేజీ సగమైతే తగ్గేది 6 డెసిబెల్సే. శబ్దం సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి. అందుకే ఆ పాట్‌లతో నాబ్‌ను 10 నుంచి 4 దాకా తిప్పినా పెద్ద తేడా ఉండేది కాదు, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోయేది. పాట నెమ్మదించిన చోట వెనక్కి తగ్గాలంటే నాబ్ మీద నమ్మకం ఉండేది కాదు. ఎ అక్షరం ఉన్న ఆడియో టేపర్ పాట్‌లో సగం తిప్పిన చోట మొత్తం నిరోధంలో 10 నుంచి 15 శాతమే ఉంటుంది. ఇప్పుడు చెయ్యి ఎంత కదిలితే చెవికి అంత తగ్గినట్టే వినిపిస్తోంది. ఈ ఒక్క మార్పుకే పెట్టిన డబ్బు వచ్చేసిందనుకున్నాను.

చాలామంది పట్టించుకోని ఇంకో సంగతి, పాట్ విలువ. నాబ్ పూర్తిగా తెరిచి పెట్టినా పాట్ పని ఆగదు, పికప్ మీద భారంగా ఉంటూనే ఉంటుంది. జాజ్ బాస్‌లో రెండు వాల్యూమ్‌లు, ఒక టోన్. మూడూ 250కెలే అయితే, పై స్వరాల దగ్గర అన్నీ సమాంతరంగా కలిసి పికప్‌లకు కనబడే భారం సుమారు 83 కిలో ఓమ్‌లు. ఈ విలువ తగ్గేకొద్దీ పికప్ పైస్వరాల మెరుపు చచ్చిపోతుంది, పెరిగేకొద్దీ సౌండ్ పదునెక్కుతుంది. సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) పికప్‌కు 250కె, హంబకర్ (రెండు చుట్టల) పికప్‌కు 500కె అనే అలవాటు ఇందుకే వచ్చింది. ఫెండర్ జాజ్‌మాస్టర్ గిటార్‌లో ఏకంగా 1 మెగా ఓమ్ పాట్‌లు వాడారు. బ్యాటరీతో నడిచే ఈఎంజీ పికప్‌లకైతే 25కె చాలు, లోపలే సిగ్నల్‌కు బలమిచ్చే ప్రీయాంప్ ఉంటుంది కాబట్టి.

మన దగ్గర చిక్కు ఇక్కడే. ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపులో అడిగితే, "ఇది కూడా వాల్యూమ్ కంట్రోలే కదన్నా, 10కె వేస్తే నడుస్తది" అన్నాడు ఆ తమ్ముడు. వాళ్ల పనికి అది సరైనదే. బ్యాటరీ, ప్రీయాంప్ లేని పాసివ్ బాస్‌లో మాత్రం నడవదు. పికప్ చుట్ట నిరోధమే 7, 8 కిలో ఓమ్‌లు ఉంటుంది, దానికి 10కె తగిలిస్తే సిగ్నల్ దాదాపు సగం అక్కడే పోతుంది, పైస్వరాలు ఇంకా ఎక్కువగా పోతాయి. కోఠి గుజరాతీ గల్లీలో 250కె దొరికింది కానీ చూసినవన్నీ లీనియరే. చివరికి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

వైరింగ్ కూడా చూసుకోవాలి. జాజ్ బాస్‌లో పికప్ వైరు పాట్ మధ్య కాలుకు, ఔట్‌పుట్ చివరి కాలుకు వెళ్తాయి. అలా ఉంటేనే ఒక వాల్యూమ్ సున్నా చేసినా రెండో పికప్ పలుకుతుంది. తిరగేసి కలిపితే ఏది సున్నా చేసినా బాస్ మొత్తం మూగబోతుంది. రెండు నాబ్‌లూ సమానంగా పెట్టినప్పుడు పికప్‌లు ఒకదాని హమ్‌ను (కరెంటు వల్ల వచ్చే గుయ్‌మనే మోతను) ఒకటి కొట్టేస్తాయి. సీరియల్ సెట్లు, డిమ్మర్ లైట్లు నిండిన పెళ్లి మండపంలో ఇది పెద్ద వరం. నేను అక్కడ రెండూ నిండుగా పెట్టి, మిగతాదంతా టోన్ నాబ్‌తోనే సర్దుకుంటాను. టోన్ పాట్‌కు, పైస్వరాలను గ్రౌండ్‌కు పంపే 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉంది. పాత పాటలకు టోన్ దాదాపు మూసేస్తే వచ్చే గుండ్రటి సౌండ్ నాకు చాలా ఇష్టం.

దుమ్ము సంగతి. మన ఎండాకాలంలో, ముఖ్యంగా ఆరుబయట స్టేజీల మీద, ఏ పాట్ అయినా కొన్నాళ్లకు గరగరమంటుంది. ఇవీ అన్నాయి. కాళ్ల దగ్గర ఉండే సందులోంచి కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, నాబ్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు బాగా తిప్పితే పోయింది. తుప్పు వదిలించే స్ప్రేలు వాడొద్దు. క్లీనర్ కూడా ఎక్కువ కొడితే కడ్డీ దగ్గరి గ్రీజు కరిగి నాబ్ వదులైపోతుంది. నావి ఇప్పటికీ బిగువుగానే తిరుగుతున్నాయి.

కొనేవాళ్లు కొన్ని చూసుకోవాలి. పాట్ మీద రాసిన విలువ, లోపలి విలువ ఒకటే అనుకోవద్దు. మామూలు పాట్‌లలో 20 శాతం అటూ ఇటూ ఉండొచ్చు, అంటే 250కె అన్నది 200 నుంచి 300 దాకా ఎంతైనా కావచ్చు. చివరి రెండు కాళ్ల మధ్య మల్టీమీటర్ పెట్టి కొలవండి. ఎక్కువ విలువ చూపినవి వాల్యూమ్‌కు, తక్కువది టోన్‌కు వేసుకున్నాను నేను. పాట్ వీపు మీద గ్రౌండ్ అతికించడానికి చిన్న 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సరిపోదు, ఎక్కువసేపు పెడితే వేడికి లోపలి పట్టీ దెబ్బతింటుంది. వీపును గరుకు కాగితంతో రుద్ది, 60 వాట్లదానితో త్వరగా ముగించాలి. చిన్న పాట్‌లున్న బాస్‌లలో ప్లేట్ రంధ్రం కూడా చిన్నది. ఈ పెద్ద పాట్‌లకు సుమారు 9.5 మిల్లీమీటర్లు కావాలి, కాబట్టి ఆర్డర్ పెట్టేముందే రంధ్రం, లోపలి లోతు, నాబ్ పట్టే కడ్డీ రకం మూడూ కొలుచుకోండి.