పవర్ వీడర్: దుక్కికి దిట్ట, తుంగకు చుట్టం

మాది గజపతినగరం దగ్గర ఎర్రనేల. కొంత వంగ, బెండ, మిగతాది మొక్కజొన్న. ఏడు హార్స్‌పవర్ పెట్రోల్ వీడర్, అంటే వెనక నడుస్తూ తోలే, తిరిగే బ్లేడ్లతో నేల దున్ని కలుపు తీసే చిన్న బండి, కొని మూడేళ్లు దాటింది. కొనొచ్చా అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: దుక్కి కోసమైతే కొనండి. కలుపు కోసమే అయితే ముందు మీ చేలో ఏ కలుపు ఉందో చూసుకోండి.

దుక్కికి తిరుగులేదు, నేల పదును మీద, అంటే తగినంత తడితో ఉంటే. ఎండిన ఎర్రనేలలో బ్లేడ్లు దిగవు. బండి ఎగిరెగిరి మనిషిని లాక్కుపోతుంది, సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి. వాన వెలిసిన వెంటనే దింపితే మట్టి ఉండలు కడుతుంది, ఎండాక అవే బెడ్డలు. పిడికెడు మట్టి పిసికితే ముద్ద కట్టాలి, వేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. అదీ అదను. మొదటి తోలకం పైపైన, రెండోది అడ్డంగా, వెనక లోతు కడ్డీ కిందికి దించి తోలితే మట్టి గుల్లగా వస్తుంది. ఒక్కసారికే లోతుకు పోవాలని చూస్తే ఇంజిన్ మూలుగుతుంది.

చిన్నగా ఉన్న గడ్డి, వయ్యారిభామ మొలకలు ఎండ కాసే రోజు తిప్పితే మధ్యాహ్నానికల్లా వాడిపోతాయి. ముసురులో తిప్పితే మళ్లీ వేళ్లూనుతాయి. తుంగ దగ్గర మాత్రం దీని పప్పులు ఉడకవు. తుంగ గడ్డలు నేలలో గొలుసులా ఉంటాయి. బ్లేడు ఆ గొలుసుని తెంపుతుంది, తెగిన గడ్డలు దేనికది మొలుస్తాయి. గరిక కణుపులూ అంతే. గట్టు వార తుంగ ఉన్న మూలకి నేను బండి తీసుకెళ్లను, అక్కడ చేత్తో తవ్వే బొరిగే గతి.

మొక్కజొన్నలో 60 సెంటీమీటర్ల సాళ్ల మధ్య చివరి బ్లేడ్లు విప్పేసి తోలుతాను. పైరు మోకాలెత్తు దాటాక వద్దు, వేళ్లు తెగుతాయి. మొదళ్ల దగ్గర కలుపు ఎలాగూ చేత్తోనే తీయాలి, కూలి పూర్తిగా మిగులుతుందనుకోకండి.

తీగలు బ్లేడ్లకి చుట్టుకుంటే ఇంజిన్ ఆపి, ప్లగ్ వైరు పీకాకే చెయ్యి పెట్టండి. రివర్స్ వేసేముందు వెనక గట్టుందేమో చూసుకోండి, కాళ్ల మీదికే వస్తుంది. మన దుమ్ముకి ఎయిర్ ఫిల్టర్ తరచూ దులపాల్సిందే.

గులకరాళ్లకి బ్లేడ్లు తొందరగా అరుగుతాయి. కుడివి వేరు, ఎడమవి వేరు. మొన్న షాపులో సెట్టంతా కుడివే కట్టిచ్చారు, మార్చుకొచ్చేసరికి నేల పదును ఆరిపోయింది. కౌంటర్ దగ్గరే విప్పి చూసుకోండి.