కెగెల్ వ్యాయామాలు: ఏళ్ల తరబడి చేశాక నా అభిప్రాయం

రెండో కాన్పు తర్వాత తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా నాకు మూత్రం చుక్కలు పడేవి. కడప నుంచి ప్రొద్దుటూరుకు రోజూ బస్సులో వెళ్లి బడిలో పాఠాలు చెప్పే ఉద్యోగం నాది. "పిల్లలు పుట్టాక ఇదంతా మామూలేలేమ్మా" అని మా అత్త ఓదార్చింది. చాలామందికి వచ్చేదే, నిజమే. అలాగని ఓర్చుకుని ఊరుకోవలసిన అవసరం లేదు. మా ఎండలకు కూడా నీళ్లు తాగకుండా బడికి వచ్చే తోటి టీచర్లను చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది. నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది.

డాక్టరు ముందు మూత్ర పరీక్ష చేయించి, ఇన్ఫెక్షన్ లేదని తేలాక, కటి అడుగు కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు నేర్చుకోమని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. ఈ వ్యాయామాలలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇచ్చేది ఫిజియోథెరపిస్టు చేసిన మొదటి పరీక్షకే. ముందున్న జఘనాస్థి నుంచి వెనుక తోకఎముక దాకా ఊయల కట్టిన చీరలా పరుచుకుని మూత్రాశయాన్ని, గర్భసంచిని, పెద్దపేగు చివరి భాగాన్ని మోసే కండరాలివి. బయటికి కనిపించవు. అద్దంలో చూసి సరిదిద్దుకునే వీలు లేదు. 1948లో వీటి గురించి రాసిన అమెరికా స్త్రీల వైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ కూడా వ్యాయామం చెప్పి వదిలేయలేదు. కండరం నిజంగా బిగుస్తోందో లేదో చూపే పెరినియోమీటర్ అనే పరికరాన్ని వాడారు.

నాకు నేర్పిన అమ్మాయి నా అనుమతి తీసుకుని, గ్లౌజు వేసుకుని వేలితో పరీక్షించింది. "గ్యాస్ పోకుండా ఆపుకున్నట్టు, మూత్రం ఆపుకున్నట్టు, రెండూ కలిపి లోపలికీ పైకీ లాగండక్కా" అంది. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు. ఊపిరి ఆగకూడదు. చాలామంది లాగుతున్నామనుకుంటూ విరేచనానికి ముక్కినట్టు కిందికి నెడతారట. అలా చేస్తే మేలు జరగదు సరికదా, బలహీనమైన కండరాల మీద ఇంకా భారం పడుతుంది. బిగించాక పూర్తిగా వదలడం కూడా ఆమె అంతే పట్టుదలతో నేర్పింది. వదలని కండరానికి మళ్లీ బిగుసుకునే వీలుండదు.

మొదట్లో మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని, మా ఇంటి కడప బండల మీద చాప పరుచుకుని చేసేదాన్ని. తర్వాత కూర్చుని, ఆపైన నిలబడి. 8 నుంచి 10 సెకన్లు బిగించడం, అంతసేపూ వదిలి ఉంచడం, ఇలా 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు పూటలు. కొత్తవారికి 3 సెకన్లు నిలిచినా చాలు. వెంటవెంటనే బిగించి వదిలేవి కొన్ని విడిగా ఉంటాయి. ఫలితం కోసం కనీసం 3 నెలలు ఆగాలి. ఫోనులో పెట్టుకున్న యాప్ వేళకు గుర్తుచేయడానికి బాగా పనికొచ్చింది. సరిగా చేస్తున్నానా అన్నది దానికి తెలిసే దారి లేదు.

అన్నిటికన్నా ముందు అక్కరకు వచ్చింది ఒక చిన్న మెలకువ: తుమ్ము వస్తోందనగానే, నీళ్ల బిందె ఎత్తబోయే ముందు, ఒక్కసారి బిగించి పట్టుకోవడం. బస్సు కుదుపులకు భయపడటం దానితోనే తగ్గింది. ఇప్పుడు మామూలు దగ్గుకు ఏమీ కాదు. జలుబు ముదిరి, మూత్రాశయం నిండుగా ఉన్నప్పుడు ఎప్పుడైనా ఒక చుక్క పడుతుంది. పండుగలకు, పరీక్షల పనికి ఎక్కువ రోజులు మానేస్తే మాత్రం పట్టు సడలుతుంది, అందుకే మళ్లీ మొదలుపెడతాను.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని వ్యాయామంగా చేయకండి. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు. మలబద్ధకం, మానని దగ్గు ఉంటే వాటికి కూడా వైద్యం చేయించుకోవాలి, రోజూ ముక్కుతూ ఉంటే ఈ కష్టమంతా వృథా. పొత్తికడుపు కింద నొప్పి, కలయికలో నొప్పి, మూత్రం ధారగా రాకపోవడం ఉన్నవారికి ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉండవచ్చు. వారికి ముందు నేర్పవలసింది వదలడం. మూత్రంలో రక్తం కనిపిస్తే వ్యాయామాల మాట పక్కనపెట్టి డాక్టరును కలవండి. ప్రోస్టేట్ ఆపరేషన్ అయిన మగవారికి కూడా ఇవే వ్యాయామాలు చెబుతారు, ఇంట్లో పెద్దవారికి చెప్పండి.

కడపలోనైనా మరెక్కడైనా వెళ్లేముందు ఆడ ఫిజియోథెరపిస్టు ఉన్నారా, ఈ కండరాలను పరీక్షించి నేర్పుతారా అని ఫోనులోనే అడగండి. కాగితం మీద బొమ్మ గీసి పంపేస్తామంటే మరొకరిని వెతుక్కోండి.