పదకొండేళ్ళు వాడిన 40 బార్ కంప్రెషర్: షాఫ్ట్ సంగతి చెప్తాను

చెన్నై అంబత్తూరు ఎస్టేట్‌లో పెట్ (ప్లాస్టిక్) బాటిళ్ళు ఊదే యూనిట్ మాది, మెయింటెనెన్స్ నేనే చూస్తాను. 2014లో కొన్న త్రీ స్టేజ్ (గాలిని మూడు విడతల్లో నొక్కేది) ఆయిల్ ఫ్రీ (సిలిండర్లలో ఆయిల్ ఉండదు, షాఫ్ట్ తిరిగే పెట్టె క్రాంక్ కేస్‌లోనే ఉంటుంది) కంప్రెషర్ ఇంకా దానిమీదే నడుస్తున్నాం. వాటర్ కూలింగ్, ఎదురెదురు సిలిండర్లు, వీ బెల్టు డ్రైవ్, షాఫ్ట్ స్పీడు 740 ఆర్పీఎం. మీటరు 62 వేల గంటలు దాటింది. కంపెనీ పేరు అడగొద్దు, నేను చెప్పేది ఏ కంపెనీ బండికైనా పనికొస్తుంది. గాలి ఎంత ఇస్తుంది, కరెంటు ఎంత తింటుంది అని అందరూ రాస్తారు, పిస్టన్లని ముందుకీ వెనక్కీ ఆడించే క్రాంక్ షాఫ్ట్ గురించి ఎవరూ రాయరు, అందుకే ఇది.

ముందు ఒక లెక్క చూడండి. 740 ఆర్పీఎం అంటే రోజుకి పది లక్షల పైచిలుకు తిప్పులు, అంటే బండి ఆపకుండా నడిపితే పది రోజుల్లోపే కోటి దాటేస్తుంది. ఉక్కు మీద పడే స్ట్రెస్ ఒక హద్దు లోపల ఉండి ఆ కోటి తిప్పులు తట్టుకుందంటే ఇక అదే లోడుకి అది అలిసిపోయి విరగదు, 1850లు 60లలో జర్మనీలో వోలర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల మీద టెస్టులు చేసి తేల్చిన సంగతి ఇది. మా షాఫ్ట్ ఈపాటికి 275 కోట్లు తిరిగింది. బేరింగుకి వయసు ఉంటుంది, వాల్వ్ ప్లేటుకి ఉంటుంది, సరిగ్గా డిజైన్ చేసిన షాఫ్ట్‌కి మాత్రం వయసు అంటూ లేదు. అది విరిగిందంటే ఎవరో దానికి గాయం చేసుంటారు, ఒక గీతో, తుప్పు గుంటో, పదునైన మూలో, మనం అడగని లోడో. "పాతదైపోయింది సార్ అందుకే విరిగింది" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మాకు ఆ గాయం 2023 డిసెంబర్ 4న తగిలింది. మిచాంగ్ తుఫాను. షెడ్డులో నడుముల్లోతు నీళ్ళు, మర్నాడు అదే తుఫాను మా బాపట్ల దగ్గర తీరం దాటింది, అక్కడ అమ్మకి ఫోన్ కలవదు, ఇక్కడ బండి నీళ్ళలో ఉంది, ఆ రెండు రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. ఐదో రోజు క్రాంక్ కేస్ డోర్ తీస్తే ఆయిల్ పాలు పోసిన కాఫీలా ఉంది. మెయిన్ బేరింగులు రోలర్లు, అవి ఎలాగూ మార్చేదే, దాంట్లో ఆలోచించేది ఏం లేదు. బిగ్ ఎండ్ షెల్స్ (కనెక్టింగ్ రాడ్డు చివర ఉండే అరచక్రం బేరింగులు) విప్పితే క్రాంక్ పిన్ (షాఫ్ట్ మీద ఆ రాడ్డు పట్టుకునే చోటు) మీద, షెల్‌కీ పిన్‌కీ మధ్య నీళ్ళు నిలిచిన చోట నల్లటి మచ్చలు కనిపించాయి. మా ఫిట్టర్ అన్న చెయ్యి తిరిగినవాడే, "ఎమరీ కొట్టి ఎక్కించేద్దాం సార్, నడుస్తది" అన్నాడు, ఓనర్ కూడా రోజుకి పదిసార్లు అడుగుతున్నారు. ఎమరీ కొట్టాకా గోరు పెట్టి లాగి చూశాను, ఆగింది. గోరు ఆగిందంటే అది మచ్చ కాదు గుంట. గుంట అడుగున స్ట్రెస్ అంతా ఒక్కచోట పోగవుతుంది, ఆ కోటి లెక్క మళ్ళీ మొదటినుంచి మొదలవుతుంది, ఈసారి తక్కువ హద్దుతో. నడుస్తది అన్నమాట నిజమే, నెలో రెండు నెలలో నడుస్తది, ఆ తర్వాత 40 బార్ మీద విరిగితే రాడ్డు ఎటు పోతుందో ఎవరు చెప్పగలరు, పక్కనే మనుషులు నిలబడి పని చేస్తారు. ఓనర్‌కి అదే చెప్పాను, ఒప్పుకున్నారు.

కొత్త షాఫ్ట్‌కి నాలుగు నెలలన్నారు. అందుకని పిన్నులు 0.25 మిల్లీమీటర్లు అండర్ సైజ్ గ్రైండింగ్‌కి (గుంటలు పోయేలా ఆ మేరకు సన్నగా సానపట్టడానికి) పంపాం, ఆ సైజు షెల్స్ దొరుకుతాయి. మొదట వెళ్ళిన షాపులో నేను అడిగింది ఒక్కటే, గ్రైండింగ్ వీల్ మూలని ఎంత రేడియస్‌కి డ్రెస్ చేస్తారు (ఎంత గుండ్రంగా చెక్కుతారు) అని. "మూలలో షెల్ కూర్చోదు కదా సార్, ఎంతుంటే ఏంటి" అన్నారు. షాఫ్ట్ మళ్ళీ టెంపో ఎక్కించేశాను. షెల్ కూర్చోదు నిజమే, కానీ పిన్ను వెబ్‌తో (పిన్నుకి అటూ ఇటూ ఉండే మందపాటి పలకతో) కలిసే ఆ మూలలోనే షాఫ్ట్‌కి ఎక్కువ స్ట్రెస్, క్రాక్ పుట్టేది చాలావరకు అక్కడే, లేదంటే ఆయిల్ హోల్ అంచున. మా డ్రాయింగులో 5 మిల్లీమీటర్ల రేడియస్ ఉంది. దాన్ని 2 చేసి తెస్తే పిన్ను అద్దంలా మెరిసినా షాఫ్ట్ పాడైనట్టే, పోయిన మెటల్ వెనక్కి రాదు. గిండీలో ఇంకో చోట రేడియస్ గేజ్ ముందే పెట్టి చూపించారు, అక్కడ చేయించాం, తర్వాత మాగ్నెటిక్ క్రాక్ టెస్ట్ కూడా. ఇంకోటి, గ్రైండింగ్‌కి ముందు హార్డ్‌నింగ్ (పైపొరని గట్టిపరచడం) ఏ రకమో కనుక్కోండి. మాది ఇండక్షన్, లోతు ఉంటుంది. నైట్రైడింగ్ అయితే గట్టి పొర మిల్లీమీటరులో సగం కూడా ఉండకపోవచ్చు, గీకితే అదే పోతుంది.

తిరిగొచ్చిన షాఫ్ట్‌లో ఆయిల్ దారుల ప్లగ్గులన్నీ విప్పించి బ్రష్ పెట్టి కడిగించాను, తెల్లగుడ్డకి నల్లటి పేస్ట్ అంటుకొచ్చింది. అది వదిలేసి స్టార్ట్ చేసుంటే కొత్త షెల్స్ మొదటి గంటలోనే గీతలు పడేవి.

బెల్టుల సంగతి కూడా చెప్పాలి. 2017లో స్లిప్ అవుతున్నాయని బాగా బిగించేశారు, డ్రైవ్ వైపు మెయిన్ బేరింగ్ మామూలుకంటే 12 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. డయల్ గేజ్ వెబ్‌ల మధ్య పెట్టి షాఫ్ట్ తిప్పి చూస్తే అంతకుముందు 0.02 మిల్లీమీటర్లు ఉన్న తేడా 0.05కి వచ్చింది, అంటే తిరిగిన ప్రతిసారీ షాఫ్ట్ అంత వంగి లేస్తోంది. రోలర్ బేరింగ్ మీద లోడు రెట్టింపైతే లైఫ్ పదో వంతుకి పడిపోతుంది, కొంచెం బిగువే కదా అనుకోకండి. టెన్షన్ గేజ్ కొనిపించాక ఆ గొడవ మళ్ళీ రాలేదు.

రోజూ చూసేది మాత్రం స్టేజ్ ప్రెషర్లు. మాకు రెండున్నర, పదకొండు, నలభై బార్. మధ్యది పెరుగుతోందంటే మూడో స్టేజ్ వాల్వ్ లీక్ అవుతోందని అర్థం, ఆ అదనపు తోపు అంతా రెండో స్టేజ్ రాడ్డు మీదుగా షాఫ్ట్‌కే వెళ్తుంది, అందుకే వాల్వ్ మార్చడం వచ్చే వారానికి వాయిదా వెయ్యను. పొంగల్ సెలవుల తర్వాత చేతి పంపుతో ఆయిల్ కొట్టి, ఫ్లైవీల్ రెండు చుట్లు చేత్తో తిప్పాకే స్విచ్. ఆయిల్ పంపు షాఫ్ట్‌తోనే తిరుగుతుంది కాబట్టి మొదటి క్షణాల్లో పిన్నుకి ఆయిల్ అందదు.

మళ్ళీ కొంటానా అంటే కొంటాను, ఫోర్జింగ్ మంచిది, రేడియస్ పెద్దది, డ్రాయింగ్ అడిగితే ఇచ్చారు. కొటేషన్ దగ్గరే మీరూ ఆ డ్రాయింగ్ అడగండి, ఇవ్వం అని వాళ్ళంటే ఇంకో కంపెనీ చూసుకోండి. నాకు నచ్చనిది ఒక్కటే, బ్రీదర్ (క్రాంక్ కేస్‌కి గాలి ఆడే రంధ్రం) మరీ కింద పెట్టారు, వరదనీళ్ళు లోపలికి దూరింది అక్కణ్ణుంచే. ఇప్పుడు దానికి ఆరడుగుల పైపు ఎక్కించి గోడకి క్లాంపు కొట్టాం.