జె.సి. రోడ్ నుంచి గండికోట దాకా: పాత సఫారీకి ఎంత ఎత్తు చాలు?

పాత సఫారీని కాస్త ఎత్తు చేయిద్దామని బెంగళూరులో ఎవర్ని అడిగినా మొదట వచ్చే మాట "రెండు ఇంచులు లేపేద్దాం సార్, లుక్కే మారిపోతుంది" అని. లుక్ సంగతి తర్వాత. మాది 2010 టాటా సఫారీ, 2.2 లీటర్ల డైకార్ డీజిల్ ఇంజిన్, టూ వీల్ డ్రైవ్. ఏటా సంక్రాంతికి మనుషులూ సామానూ కిక్కిరిసి ఊరికి వెళ్లొచ్చీ వెళ్లొచ్చీ వెనక భాగం కుంగిపోయింది, మా లేఅవుట్ స్పీడ్ బ్రేకర్ మీద వెనక కింద ఎక్కడో గీసుకుంటోంది. చేతిలో ఉన్నది 40 వేలు. ఆ డబ్బుతో ఏం చేయొచ్చో కనుక్కోవడానికి ఊరంతా తిరిగాను, చేయించాక గండికోట, హార్స్లీ హిల్స్ దాకా తిప్పి చూశాను. ఎక్కడ ఏం దొరుకుతుంది, ఎక్కడ పర్సు జాగ్రత్త, ఎక్కడ పడుకోవచ్చు అన్నీ కలిపే రాస్తున్నాను.

ముందు జె.సి. రోడ్, బెంగళూరులో బండి విడిభాగాల బజారు. బండిలో వెళ్లకండి. వన్ వే, పార్కింగ్ దొరకదు, దొరికినా తిరిగొచ్చేసరికి ముందో ఆటో, వెనకో ఆటో. కె.ఆర్. మార్కెట్ మెట్రోలో దిగి నడిచి వెళ్లడం హాయి. ఇక్కడ కన్నడం, ఉర్దూ, తమిళం, తెలుగు ఏదైనా నడుస్తుంది, కానీ పార్ట్ నంబర్ చెబితే దొరికే మర్యాదే వేరు. మోడల్ పేరు చెబితే ఒక ధర, నంబర్ రాసుకున్న కాగితం బయటికి తీస్తే ఇంకో ధర. షాక్ అబ్జార్బర్లు గాబ్రియెల్ లాంటివి డబ్బా సీల్‌తో దొరుకుతాయి. వెనక కాయిల్ స్ప్రింగులు మాత్రం రెండు మూడు షాపులు తిరగాల్సి వచ్చింది, ఎందుకంటే చాలామంది "ఇవీ అవీ ఒకటే సార్" అంటూ వేరే మోడల్‌వి అంటగట్టాలని చూస్తారు. స్ప్రింగు తీగ మందం, చుట్ల లెక్క పాతదాంతో పోల్చుకున్నాకే డబ్బులివ్వండి. పని అయ్యాక లాల్‌బాగ్ రోడ్డులోని ఎంటీఆర్‌లో రవ్వ ఇడ్లీ తినడం నా హక్కు అని నేననుకుంటాను. 1924 నాటి హోటలు, క్యూ కూడా అప్పట్నుంచీ ఉన్నట్టే ఉంటుంది.

అక్కడే ఒకాయన కాయిల్ మధ్యలో ఇరికించే రబ్బరు బఫర్లు చూపించాడు. చవక, బండి విప్పే పని లేదు, వెంటనే ఎత్తు కనిపిస్తుంది. నేను తీసుకోలేదు, మీరూ తీసుకోకండి. స్ప్రింగు మొత్తం పంచుకోవాల్సిన బరువుని అది కొన్ని చుట్ల దగ్గర ఆపేస్తుంది, మిగతా చుట్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. కుంగిన స్ప్రింగుకి అది మందు కాదు.

శివాజీనగర్ గుజిరీ (పాత సామాన్ల బజారు) వైపూ వెళ్లాను. స్క్రాప్ అయిన బండ్ల స్ప్రింగులు సగం ధరకే ఇస్తామన్నారు. మన బండి స్ప్రింగు కుంగిందని కదా మారుస్తున్నాం, దాని ఈడుదే ఇంకోటి తెచ్చి ఏం చేస్తాం? బ్రాకెట్లు, బోల్టులు, టో హుక్ లాంటివైతే ఇక్కడ బేరం బాగుంటుంది.

హెణ్ణూరు దాటాక ఒక ఆఫ్‌రోడ్ స్పెషలిస్టు షాపుంది, పేరెందుకులే. ఏసీ గది, ఫిల్టర్ కాఫీ, గోడ మీద బండి ఎత్తు పెంచే విదేశీ లిఫ్ట్ కిట్లు. లక్షన్నరకి అటూఇటూగా కొటేషన్ ఇచ్చి, దాంతోపాటు ముందు స్టీల్ బుల్ బార్ ప్యాకేజీలో కలిపేస్తామన్నారు. బుల్ బార్లు 2017 డిసెంబర్ నుంచే కేంద్రం నిషేధించింది కదా అంటే "అందరూ పెట్టుకుంటున్నారు సార్" అని జవాబు. లిఫ్ట్ తర్వాత ముందు చక్రాల కోణాలు అడ్జస్ట్‌మెంట్‌లోకి వస్తాయా అని అడిగితే జవాబే రాలేదు. ఒక్కటి మాత్రం వాళ్ల ఖాతాలో వెయ్యాలి: బండిని ర్యాంప్ మీదికి ఎక్కించి, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ కీలులోని రబ్బరు బుష్ చిరిగిపోయిందని ఉచితంగా చూపించారు. డబ్బులున్నవాళ్లకి, కొత్త థార్ లాంటి బండికి ఆ షాపు సరిపోతుందేమో. పదిహేనేళ్ల బండికి దాని ధరలో సగం పెట్టి కిట్ ఎవరేస్తారు?

చివరికి పని జరిగింది కె.ఆర్. పురం దగ్గర ఒక రేకుల షెడ్డులో. మేస్త్రీది పలమనేరు వైపు. మాట్లాడేది తక్కువ, కొలిచేది ఎక్కువ. బండిని చదునైన నేల మీద నిలబెట్టి, టైర్లలో గాలి సమానంగా ఉందో లేదో చూసి, చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు టేపు పెట్టి నాలుగు మూలలూ కొలిచి, ఆ అంకెల్ని సుద్దముక్కతో డోర్ల మీదే రాశాడు. వెనక ఎడమ వైపు కుడికంటే తక్కువ. "సార్, ఇది లేపాల్సిన బండి కాదు, కుంగినదాన్ని నిలబెట్టాల్సిన బండి" అన్నాడు. నా బావమరిదికి అది నచ్చలేదు. "బావా, మూడు ఇంచులు లేపితే ఏ గుట్టకైనా ఎక్కేస్తుంది" అని వాడి గోల. కొల్లూరు నుంచి మమ్మల్ని కొడచాద్రి ఎక్కించిన జీపుకి ఏ లిఫ్ట్ కిట్టూ లేదురా అని గుర్తు చేశాను, అప్పుడు కాసేపు ఊరుకున్నాడు.

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బులు వృథా అయ్యేది ఇక్కడే. ఈ సఫారీకి ముందు టోర్షన్ బార్లు, వెనక కాయిల్ స్ప్రింగులు. టోర్షన్ బార్ అంటే పొడవాటి ఉక్కు కడ్డీ, అది మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేస్తుంది. దాని చివర ఒక బోల్టు, అది బిగిస్తే ముందు భాగం లేస్తుంది. పైసా ఖర్చు లేదు కాబట్టి అందరూ మొదట చేసేది ఇదే. బిగిస్తే బార్ గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. బార్ గట్టిదనం మారదు, మారేది చక్రం కిందికి వేలాడే దూరం. ఎంత పైకి లేపితే అంత ఆ దూరం తగ్గుతుంది. అప్పుడు గుంతలో దిగగానే పై ఆర్మ్ వెళ్లి స్టాపర్‌కి టక్ మని కొట్టుకుంటుంది, మనం "సస్పెన్షన్ గట్టిగా ఉంది" అనుకుంటాం. షెడ్డులో అలా ఫుల్లుగా లేపేసిన ఇంకో సఫారీ ఉంది. జాకీ పెట్టి లేపితే చక్రం కిందికి ఒకటిన్నర ఇంచు కూడా దిగలేదు, స్టాపర్ రబ్బరు నలిగి పొడి రాలుతోంది. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే దీనికి తోడు ముందు యాక్సిల్ జాయింట్లు కూడా వంకర కోణంలో తిరిగి త్వరగా పోతాయి.

మా బండికి మేస్త్రీ బోల్టుల మీద ముందురోజు సాయంత్రమే నూనె పోసి ఉంచాడు, మొదట ఉన్న చోట పెయింట్‌తో గీత పెట్టాడు, తర్వాత బండి బరువు చక్రాల మీద లేకుండా జాకీ మీద ఉంచి కొద్దికొద్దిగా తిప్పాడు. దించాక బండిని కాస్త ముందుకీ వెనక్కీ నడిపి మళ్లీ కొలత. అలా నడపకుండా కొలిస్తే బుష్‌లు పట్టేసి అంకె తప్పు వస్తుంది. ముందు 20 మిల్లీమీటర్లు, అంతే, ఇంకొక్క చుట్టు కూడా వద్దన్నాడు.

వెనక కొత్త స్ప్రింగులు వేయగానే పోయిన ఎత్తు దాదాపు మొత్తం తిరిగొచ్చింది. దాని మీద 25 మిల్లీమీటర్ల స్పేసర్ (ఎత్తు కోసం స్ప్రింగుకి జతచేసే దిమ్మ) పెట్టాం, అది కూడా ఎప్పుడూ నిండు లోడ్‌తో తిరుగుతాం కాబట్టి. వెనక యాక్సిల్ ఒకే దుంగలా ఉండే ఇలాంటి బండిలో స్పేసర్ ఎంత మందమో ఎత్తు కూడా దాదాపు అంతే. అదే ముందు కాయిల్ ఉన్న బండ్లలో స్ప్రింగు ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి స్పేసర్ మందం కంటే ఎక్కువ లేస్తుంది, మందం చూసి మోసపోకండి. వెనక బ్రేక్ పైపు లాగినట్టు అవుతోందా అన్నది చక్రం పూర్తిగా వేలాడదీసి చూడాలి. కొన్ని పాత బండ్లకి వెనక యాక్సిల్‌కి కలిపి లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది. బండి ఎత్తు పెంచితే అది "వెనక బరువు లేదు" అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. మీ బండికి ఉంటే దాని రాడ్ సరిచేయించడం మర్చిపోవద్దు.

బొలెరో వాళ్లకి ఒక మాట. వెనక కమాన్ కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు) కాబట్టి మీకు ఖర్చు తక్కువ. కట్ట చివర్ని ఛాసిస్‌కి వేలాడదీసే లింకుని షాకిల్ అంటారు, పొడుగు షాకిల్ వేస్తే షాకిల్ పెరిగినదాంట్లో సగమే ఎత్తు వస్తుంది. అదనపు పట్టీ వేస్తే బరువు మోస్తుంది గానీ ఖాళీ బండి ఎగురుతుంది. పాత పట్టీల్ని మళ్లీ వంచి ఇచ్చేవాళ్లు ఉన్నారు, కొన్నాళ్లకి అవి మళ్లీ కుంగుతాయి.

ఒక విషయం మా బావమరిదికి చివరిదాకా ఎక్కలేదు. సస్పెన్షన్ ఎంత లేపినా వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఎత్తు మారదు, అది చక్రాలతో పాటే కింద ఉంటుంది. దాన్ని లేపేది టైరు ఒక్కటే. మా టైరు 235/70 ఆర్16, మొత్తం వ్యాసం 735 మిల్లీమీటర్లు. 245/75 వేస్తే 774, అంటే గుండు కింద పెరిగేది 19 మిల్లీమీటర్లు, స్పీడోమీటర్ 100 చూపించేటప్పుడు బండి 105 మీద ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపల రుద్దుకునే ప్రమాదం కూడా ఉంది.

నాలుగు షాక్‌లు, వెనక స్ప్రింగులు, బుష్‌లు, స్పేసర్లు, కూలీ, అలైన్‌మెంట్ అన్నీ కలిపి 40 వేల లోపే తేలింది. అలైన్‌మెంట్‌కి మాత్రం రెండు చోట్లకి తిరిగాను. మొదటి చోట కంప్యూటర్ స్క్రీన్ ఎర్రగా చూపిస్తుంటే "పాత బండి సార్, ఇంతే" అని బిల్లు ఇవ్వబోయారు. రెండో చోట తుప్పు పట్టిన బోల్టులు వేడి చేసి ఊడదీసి, కోణం సరిచేసే సన్నటి రేకుముక్కలు (షిమ్ములు) సర్దారు. ఎత్తు మార్చాక అలైన్‌మెంట్ దగ్గర కక్కుర్తి పడితే ముందు టైర్లు ఒక అంచున అరిగిపోయి, మిగిల్చినదంతా అక్కడే పోతుంది.

చట్టం సంగతి కూడా చూసుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ గురించి చెప్పింది. 15 ఏళ్లు నిండిన కారుకి ఆర్‌సీ రెన్యువల్ కోసం బండిని ఎలాగూ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలి, 2022 ఏప్రిల్‌లో దానికి ఫీజే 5 వేలు చేశారు. మూడు ఇంచుల లిఫ్ట్‌తో అక్కడికి వెళ్లే టెన్షన్ నాకొద్దు.

ఇక ప్రయాణం. చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ దగ్గర హైవే వదిలి గోరంట్ల, కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు మీదుగా గండికోట. హైవే మీద 90 దాకా తేడా ఏమీ తెలియలేదు, ఆ పైన పక్కగాలికి బండి కొంచెం ఎక్కువ కదిలింది. అసలు పరీక్ష వెనక సీట్లో ఉన్న నాన్నది. నడుం నొప్పి మనిషి, పాత షాక్‌లతో కదిరి దాకా కూడా మాట్లాడకుండా కూర్చునేవాడు కాదు. ఈసారి పులివెందుల దాటేదాకా నిద్ర. లేచాక "ఏమిరా, రోడ్డు కొత్తగా ఏసినారా" అన్నాడు. 40 వేలకి నాకు ఆ మాట చాలు.

గండికోటలో టూరిజం వాళ్ల హరిత హోటల్‌లో దిగితే కోటకి దగ్గర, పెద్ద బండి పెట్టుకోవడానికి జాగా ఉంటుంది. వారాంతమైతే ముందే బుక్ చేసుకోవాలి. మేము ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి బావమరిది పట్టుదల వల్ల ఒక ప్రైవేటు టెంట్ క్యాంపులో. టెంటుకి హోటల్ గదికంటే ఎక్కువ తీసుకున్నారు, రాత్రంతా స్పీకర్లు, తెల్లారి బాత్రూం ముందు క్యూ. పెన్న లోయ మీద సూర్యోదయం ఎక్కడ పడుకున్నా ఒకటే, దానికోసం టెంటే అక్కర్లేదు. ఇంట్లో పెద్దవాళ్లుంటే హరితే. మైలవరం రిజర్వాయర్ వైపు మట్టిదారిలో బండరాళ్ల మీదుగా దించితే ఇదివరకు గీసుకునే వెనక భాగం ఎక్కడా తగల్లేదు. నిండు లోడ్‌తో ఒక పెద్ద గుంతలో మాత్రం ముందు స్టాపర్ ఒకసారి తగిలింది, 20 మిల్లీమీటర్లకే ఇది. 50 లేపినవాళ్ల సంగతి ఆలోచించండి.

వచ్చేటప్పుడు కదిరి నుంచి ములకలచెరువు మీదుగా హార్స్లీ హిల్స్ వెళ్లాం. ఎత్తు పెరిగిన బండి ఎలా ఊగుతుందో ఘాట్ మలుపుల్లో తెలుస్తుంది కదా. కొత్త షాక్‌ల వల్ల ఊగడం పాతదానికంటే తక్కువే, కానీ సఫారీ సఫారీయే, మలుపులో తొందర పడితే ఒప్పుకోదు. పైన చల్లగాలి, యూకలిప్టస్ వాసన, వేడి వేడి మిరపకాయ బజ్జీలు. ఒక పూటకి బాగుంటుంది.

ఇంటికొచ్చాక మేస్త్రీ దగ్గరికి మళ్లీ తీసుకెళ్లాను. కొత్త స్ప్రింగులు కొద్దిగా కూర్చోవడం మామూలే, వెనక ఒక 5 మిల్లీమీటర్లు తగ్గింది. టోర్షన్ బోల్టుల గీతలు కదల్లేదు. బుష్ బోల్టులు బండి నేల మీద ఉండగా ఇంకోసారి బిగించి, డబ్బులు అడక్కుండా పంపించాడు. టైర్లు ఇప్పుడున్నవే ఇంకో ఏడాది వస్తాయి, అరిగాక 245/70 వేయిస్తాను. దాంతో గుండు కింద పెరిగేది 7 మిల్లీమీటర్లే, కానీ ఎక్కడా రుద్దుకోదని మేస్త్రీ మాట.