తాటిపాక–హైదరాబాద్ రాత్రి బస్సు: బెర్తు బాగుంది, దింపేది మాత్రం రావులపాలెంలో

ఏసీ, దుప్పటి, చార్జింగు గురించి అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్కటే: టికెట్టు మీద ఉండేది కోనసీమలో మా తాటిపాక, తెల్లారగట్ల దింపేది ఇంకో బస్సెక్కితే గానీ ఇల్లు చేరలేని రావులపాలెం హైవే పక్కన.

కోటిపల్లి–నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు, మా కోనసీమ నడిబొడ్డుకి రైలు లేదు. రాత్రి బస్సే మాకు అన్నీ. పాత సర్వీసు సెంటర్లోకి వచ్చి ఎక్కించుకునేది. ఎవరు ఎక్కడ దిగుతారో డ్రైవరు గారికి నోటికి వచ్చు. కొబ్బరికాయల బస్తా, పనసకాయ, అన్నీ డిక్కీలోకే. అలాగని అదేం పుష్పక విమానం కాదు లెండి. మోకాళ్ళు ముందు సీటుకి గుద్దుకునేవి, వానొస్తే కిటికీ పక్కన తడిసేవాళ్ళం. అది తీసేశాక ఈ ప్రైవేటు స్లీపరు. మొదట్లో తాటిపాక దాకా బుద్ధిగానే వచ్చేది.

ఓ మంగళవారం, పండగా పబ్బం లేని రోజు, అమ్మతో వస్తున్నాను. ఏలూరు దాటాక లైట్లు వేసి "బస్సు మారాలండి" అన్నారు. రెండు బస్సులూ నిండలేదని మమ్మల్ని కాకినాడ బస్సులో కలిపేశారు. రావులపాలెంలో క్లీనరు మా సంచులు దించేసి, "లోపలికెళ్ళేది మీరిద్దరే కదండీ, డీజిలు గిట్టుబాటవదండి, ఆయ్" అన్నాడు. అతని లెక్కా అబద్ధం కాదు. కానీ మోకాళ్ళ నొప్పులతో అమ్మ ఆ చీకట్లో సంచి మీద కూర్చుంది. ఆఫీసుకి ఫోన్ చేస్తే "దగ్గర్లోనే దింపాం కదా" అన్నారు. డబ్బులు వెనక్కి రాలేదు.

చిత్రమేంటంటే, మిగతా దారి పల్లెవెలుగు తీసుకెళ్ళింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి ఉచితం కదా, అమ్మకి రూపాయి పడలేదు. అంత పోసిన ఏసీ బస్సు వదిలేసిన చోటు నుంచి అదే ఇంటికి చేర్చింది. రాత్రి పెద్ద బస్సులకి మాత్రం ఆ ఉచితం వర్తించదు.

ఇప్పుడు అమ్మ ఉంటే, చించినాడ వంతెన దాటి పాలకొల్లులో నరసాపురం ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కుతున్నాం, బెర్తు దొరికితే. రావులపాలెం, తణుకు వాళ్ళకి ఈ బస్సు హాయిగా చెప్తాను. శుక్రవారం నిండుగా ఉంటే తాటిపాక దాకా కూడా వస్తోంది. ఒక్కడినే అయితే నేనూ ఇదే ఎక్కుతాను. కాకపోతే రావులపాలెం టికెట్టే తీసుకుంటున్నాను, కాస్త తక్కువ పడుతుంది.